నాకు రావట్లేదా, అసలు అది రాదా?

మన క్లబ్ పత్రికలో కవితలు వస్తాయి, కథలు వస్తాయి, సినిమా పాటల మీద వ్యాసాలు వస్తాయి. నాలుగేళ్ళు లెక్కలతోనే కాపురం చేసే మనం లెక్కల గురించి మాత్రం తెలుగులో ఒక్క పేజీ కూడా రాయం. అందుకే ఈసారి నేను ఒక టెన్త్ క్లాస్ లెక్క గురించి రాస్తున్నాను. పేజీ తిప్పేయకండి. ఇది లెక్క గురించి ఎంతో, లెక్కలకి భయపడే పిల్లల గురించి కూడా అంతే.

లెక్క పేరు: వర్గ బహుపది శూన్యాలను కారణాంక పద్ధతిలో కనుక్కోవడం. నాలాగా మొదటినుంచీ ఇంగ్లిష్ మీడియంలో చదివినవాళ్ళకి ఈ పేరు ఏదో పురాణంలో మాటలా వినిపిస్తుంది. క్వాడ్రాటిక్ పాలినామియల్, జీరోస్, ఫ్యాక్టరైజేషన్ అంటే మాత్రం వెంటనే గుర్తొస్తుంది. మిడిల్ టర్మ్‌ని రెండు ముక్కలు చేయడం, కామన్ తీయడం, రెండు బ్రాకెట్లు రాయడం, ఆన్సర్ కింద గీత గీయడం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఈ పద్ధతి చాలా మంచిది. కానీ మనకి దాన్ని ఊహించే ఆటలా నేర్పారు. ఆటలో గెలిచినవాళ్ళు "మ్యాథ్స్ వచ్చినవాళ్ళు" అయ్యారు, ఓడినవాళ్ళు "మ్యాథ్స్ రానివాళ్ళు" అయ్యారు. ఆ ముద్ర వేయడానికి ఈ ఆట అస్సలు సరిపోదు.

ముందు ఒక చిన్న ఏర్పాటు. ఎక్స్ అనే అక్షరానికి బదులు ఇక్కడ "య" అని రాస్తాను. ఇది నా సొంత తెలివి కాదు. మన పాత బీజగణిత గ్రంథాల్లో తెలియని రాశిని "యావత్తావత్" అనేవారు, అంటే "ఎంతో అంత" అని. దాన్ని పొట్టిగా "యా" అని రాసుకునేవారు. అందులోంచి ఒక్క అక్షరం నేను అప్పు తీసుకుంటున్నాను.

అందరికీ తెలిసిన ఉదాహరణ: య² − 5య + 6. గుణిస్తే 6, కూడితే 5 వచ్చే రెండు సంఖ్యలు ఏవి? 2, 3. కాబట్టి (య − 2)(య − 3). శూన్యాలు 2, 3. అర నిమిషంలో అయిపోయింది. ఇంతవరకూ బాగానే ఉంది. ఇప్పుడు ఒక ప్రశ్న: రెండు బ్రాకెట్లు రాగానే "య = 2 లేదా య = 3" అని ఎందుకు రాసేస్తాం? మన క్లాసులోనే నలుగురిని అడిగాను. ముగ్గురు "అది స్టెప్ కదా" అన్నారు. స్టెప్ అనే మాట దగ్గరే నాకు అసలు ఇబ్బంది.

మా పిన్ని కూతురు ఇప్పుడు టెన్త్ చదువుతోంది. సెలవులకి వెళ్ళినప్పుడు దాని లెక్కలు నా నెత్తిన పడతాయి. ఒకరోజు దానికి య² − 5య + 6 = 2 అని ఇచ్చాను. చకచకా (య − 2)(య − 3) = 2 అని రాసి, "అయితే య − 2 = 2, లేకపోతే య − 3 = 2. అంటే 4, 5. అయిపోయింది అక్కా" అంది. "పెట్టి చూడు" అన్నాను. 4 పెడితే 2 × 1 = 2, సరిపోయింది. దాని మొహం వెలిగిపోయింది. 5 పెడితే 3 × 2 = 6, సరిపోలేదు. పైగా 1 పెట్టినా సరిపోతుంది, (−1) × (−2) = 2 కాబట్టి. ఆ 1 దాని పద్ధతిలో ఎక్కడా దొరకదు.

"నిన్నటిదాకా వచ్చిన పద్ధతి ఇవాళ ఎందుకు రాలేదక్కా?" అని అడిగింది. ఎంత మంచి ప్రశ్న! చాప్టర్ మొత్తం ఆ ప్రశ్న చుట్టూనే తిరగాలి. రెండు సంఖ్యల లబ్ధం 2 అయితే వాటిలో ఒకటి 2 అయి తీరాలని ఎక్కడా లేదు. 1 × 2 కావచ్చు, 4 × ½ కావచ్చు, (−1) × (−2) కావచ్చు. లబ్ధం సున్నా అయినప్పుడు మాత్రమే మనకి ఒక గట్టి హామీ దొరుకుతుంది: రెండింటిలో కనీసం ఒకటి సున్నా అయి తీరాలి. సంఖ్యలన్నిటిలో ఈ గుణం ఒక్క సున్నాకే ఉంది. అన్నిటినీ ఒక పక్కకి తెచ్చి రెండో పక్క సున్నా పెట్టుకునేది అందుకే, నీట్‌గా కనిపించడానికి కాదు.

సున్నాతో దేన్ని గుణించినా సున్నాయే అని బ్రహ్మగుప్తుడు 628లో బ్రహ్మస్ఫుటసిద్ధాంతంలో నియమంగా రాశాడు. మనకి కావలసింది దాన్ని తిరగేసిన మాట: లబ్ధం సున్నా అయితే ఎక్కడో ఒక సున్నా ఉండాలి. సమీకరణాలను బ్రాకెట్ల లబ్ధంగా చూపించడం ఇంగ్లండ్‌కి చెందిన థామస్ హారియట్ రాసినదాంట్లో స్పష్టంగా కనిపిస్తుంది. ఆయన పుస్తకం ఆయన పోయాక 1631లో అచ్చయింది. వర్గ సమీకరణాలు సాధించడం మాత్రం అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందు నుంచే ఉంది. బ్రాకెట్లుగా విడగొట్టి సున్నాతో ముడిపెట్టడం వెనక ఇంత ఆలోచన ఉంటే, మన నోట్‌బుక్‌లో అది ఒక్క లైన్ "స్టెప్" అయిపోయింది.

ఆ హామీ ఎంత విలువైనదో చూడాలంటే అది పనిచేయని చోటికి వెళ్ళాలి. మనం కోడింగ్‌లో రోజూ వాడే మాడ్యులో లెక్క ఉంది కదా, 12తో భాగించి శేషం మాత్రమే ఉంచుకోవడం, గడియారంలాగా. అక్కడ 3 × 4 = 12, అంటే సున్నా. కానీ 3 సున్నా కాదు, 4 సున్నా కాదు. హామీ పోయింది. ఇప్పుడు అదే య² − 5య + 6 ని ఈ గడియారం మీద వేయండి. 2, 3 ఎలాగూ వస్తాయి. 6 పెడితే 36 − 30 + 6 = 12, సున్నాయే. 11 పెడితే 121 − 55 + 6 = 72, అది కూడా 12 తో పోతుంది కాబట్టి సున్నాయే. వర్గ బహుపదికి నాలుగు శూన్యాలు! "రెండు కన్నా ఎక్కువ ఉండవు" అని బట్టీ పట్టినవాళ్ళకి ఇది షాక్. ఎందుకు ఉండవో అర్థమైనవాళ్ళకి మాత్రం ఇది సరదా.

ఇప్పుడు రెండో సంగతి. ఊహించడం గురించి.

కారణాంక పద్ధతి ఎక్సర్‌సైజ్‌లో ఇచ్చే లెక్కలన్నీ చక్కగా విడిపోతాయి. విడిపోవాలనే అలా తయారుచేస్తారు. అందులో తప్పు లేదు, నేర్చుకునేటప్పుడు అలాంటివే ఇవ్వాలి. కానీ ఆ సంగతి పిల్లలకి చెప్పరు. బయట ప్రపంచంలో ఎన్ని విడిపోతాయో తెలుసుకుందామని నేను పైథాన్‌లో ఒక చిన్న ప్రోగ్రామ్ రాశాను. య² ముందు గుణకం 1. య ముందు గుణకం −10 నుంచి 10 వరకూ, స్థిరపదం కూడా −10 నుంచి 10 వరకూ. అంటే 21 × 21 = 441 బహుపదులు. వాటిలో పూర్ణసంఖ్యలతో రెండు బ్రాకెట్లుగా విడిపోయేవి 76. స్థిరపదం సున్నా అయినవాటిలో య కామన్ తీస్తే సరిపోతుంది, వాటిని పక్కన పెడితే 420లో 55. దాదాపు ఎనిమిదింటిలో ఒకటి. గుణకాల పరిధి పెంచుకుంటూ పోయేకొద్దీ ఈ వాటా ఇంకా పడిపోతుంది. నమ్మకం లేకపోతే మీరూ రాసి చూడండి, రెండు ఫర్ లూపులు చాలు.

ఇప్పుడు ఒక పదిహేనేళ్ళ పిల్లని ఊహించుకోండి. దాని ముందు య² − 6య + 7 ఉంది. గుణిస్తే 7, కూడితే 6. 1, 7 పెట్టి చూసింది, 8 వచ్చింది. మైనస్‌లు పెట్టి చూసింది. ఇంకేం లేవు. పెన్ను నోట్లో పెట్టుకుని కూర్చుంది. పక్కవాడు నెక్స్ట్ ప్రాబ్లమ్‌కి వెళ్ళిపోయాడు. ఆ పిల్ల ఏమనుకుంటుంది? "ఇది విడిపోదు" అనుకోదు. "నాకు రావట్లేదు" అనుకుంటుంది. ఊహించే పద్ధతిలో ఈ రెండిటికీ తేడా తెలుసుకునే దారి లేదు. నా కోపమంతా దీని మీదే. లెక్క చేతకాకపోవడానికీ, లెక్కే అలాంటిది కావడానికీ తేడా చెప్పలేని పద్ధతిని ఒక్కదాన్నే చేతికిచ్చి, పిల్లల తెలివిని దానితో కొలుస్తున్నాం.

నిజానికి ఊహించాల్సిన అవసరమే లేదు. మళ్ళీ య² − 5య + 6 దగ్గరికి వద్దాం. య కి వరసగా 0, 1, 2, 3, 4, 5 పెడితే విలువలు 6, 2, 0, 0, 2, 6. అద్దంలో చూసుకున్నట్టు ఉన్నాయి కదా? ఆ అద్దం సరిగ్గా 2.5 దగ్గర ఉంది, అంటే మొత్తం 5లో సగం. కాబట్టి మనకి కావలసిన రెండు సంఖ్యలు 2.5కి అటూ ఇటూ సమాన దూరంలో ఉండాలి. ఆ దూరాన్ని "ద" అందాం. అప్పుడు సంఖ్యలు 2.5 + ద, 2.5 − ద. గుణిస్తే 6.25 − ద². ఇది 6 కావాలి. ద² = 0.25, ద = 0.5. సంఖ్యలు 3, 2. ఎక్కడా ఊహించలేదు.

ఇదే పని య² − 6య + 7 మీద చేయండి. సగం 3. 9 − ద² = 7. ద² = 2. శూన్యాలు 3 + √2, 3 − √2. పిల్లకి రాకపోవడం కాదు, పూర్ణసంఖ్యల్లో లేవు అంతే. ఇంకోటి, య² − 2య + 5. సగం 1. 1 − ద² = 5. ద² = −4. ఏ వాస్తవ సంఖ్య వర్గమూ రుణం కాదు, కాబట్టి దీనికి వాస్తవ శూన్యాలే లేవు. మూడు రకాల లెక్కలకీ ఒకటే దారి. విడిపోతుందో లేదో ఆ దారే చెప్తుంది. "నాకు రావట్లేదా, అసలు అది రాదా" అనే ప్రశ్నకి జవాబు దొరుకుతుంది.

మొత్తమూ లబ్ధమూ ఇస్తే సంఖ్యలు చెప్పడం, అందుకోసం మొత్తాన్ని సగం చేయడం దాదాపు 3,800 ఏళ్ళ నాటి బాబిలోనియా మట్టిపలకల్లోనే ఉంది. 2019లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ పో-షెన్ లో దీన్ని క్లాస్‌రూమ్‌కి పనికొచ్చేలా సర్ది మళ్ళీ అందరి ముందుకీ తెచ్చారు. మన దగ్గర శ్రీధరాచార్యుడి పద్ధతిని 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు తన బీజగణితంలో ఉదహరించాడు. ఇప్పటికీ ఉత్తరాదిలో చాలామంది క్వాడ్రాటిక్ ఫార్ములాని శ్రీధరాచార్య సూత్రం అనే పిలుస్తారు. ఇంత వెనక నుంచి వస్తున్న సంగతిని మనం "ట్రై చేసి చూడు, తగుల్తుంది" అనే స్థాయికి దించాం.

య² ముందు 1 కాకుండా వేరే సంఖ్య ఉన్నప్పుడు ఇంకా ఘోరం. 6య² + 7య − 3 తీసుకోండి. "మొదటి గుణకాన్నీ స్థిరపదాన్నీ గుణించు, −18. గుణిస్తే −18, కూడితే 7 వచ్చేవి 9, −2." సరే, కానీ మొదటిదాన్నీ చివరిదాన్నీ ఎందుకు గుణించాలి? నాకు స్కూల్లో ఎవరూ చెప్పలేదు. కారణం మాత్రం చాలా చిన్నది. జవాబు (3య − 1)(2య + 3). దీన్ని గుణిస్తే మధ్య పదం రెండు ముక్కల నుంచి వస్తుంది: 3 × 3 = 9, (−1) × 2 = −2. ఆ రెండు ముక్కలనీ గుణిస్తే అందులో ఉన్న సంఖ్యలు 3, 3, −1, 2. అవే నాలుగింటినీ వేరే జతలుగా కట్టండి. 3 × 2 = 6, అది మొదటి గుణకం. (−1) × 3 = −3, అది స్థిరపదం. అందుకే ఆ ముక్కల లబ్ధం ఎప్పుడూ మొదటి, చివరి గుణకాల లబ్ధమే. రెండు నిమిషాల మాట. ఈ రెండు నిమిషాలు ఖర్చుపెట్టకుండా యాభై లెక్కలు చేయిస్తాం.

దీనికి వచ్చే ఎదురుమాటలు నాకు తెలుసు.

ఒకటి: "ఇంత గొడవ ఎందుకు, డైరెక్ట్‌గా ఫార్ములా వేసేస్తే పోలా?" పోతుంది. జవాబు కావాలంటే ఫార్ములా చాలు, కంప్యూటర్ కూడా చాలు. కానీ ఫార్ములా శూన్యాలని చేతిలో పెడుతుంది, అవి ఎక్కడినుంచి వచ్చాయో చెప్పదు. పైగా ఘాతం పెరిగితే అది మనతో రాదు. అయిదో ఘాతం ఉన్న సమీకరణాలన్నిటికీ పనికొచ్చేలా కూడికలు, గుణకారాలు, మూలాలతో ఒక ఫార్ములా రాయడం కుదరదని నార్వేకి చెందిన ఆబెల్ 1824లో నిరూపించాడు. "లబ్ధం సున్నా అయితే ఒకటి సున్నా" అనే ఆలోచన మాత్రం ఏ ఘాతానికైనా వస్తుంది. ఒక శూన్యం దొరికితే ఒక బ్రాకెట్ బయటికొస్తుంది, మిగిలింది ఒక మెట్టు చిన్నదవుతుంది.

రెండు: "పరీక్షలో ఇవి అడగరు కదా, మార్కులొస్తే చాలు." మార్కుల విలువ మనకి తెలియనిది కాదు, అందరం ర్యాంకులు చూసుకునే ఇక్కడికొచ్చాం. కానీ మార్కులొచ్చినవాళ్ళ సంగతి నేను మాట్లాడట్లేదు. ఆ రెండు సంఖ్యలు తట్టక, "నీకు లెక్కలు రావు, వేరే గ్రూప్ తీసుకో" అని ఇంట్లోవాళ్ళో బయటివాళ్ళో అంటే తలూపేసిన పిల్లల సంగతి మాట్లాడుతున్నాను. మనందరికీ అలాంటి ఫ్రెండ్ ఒకరైనా ఉంటారు. గుణకారం ఎక్కం ఎంత వేగంగా గుర్తొస్తుందనేది ఒక నైపుణ్యమే, కాదనను. లెక్కలు అర్థం చేసుకోవడం మాత్రం వేరే నైపుణ్యం.

మూడు: "సార్లకి టైమ్ ఎక్కడిది?" ఇది నిజమైన ఇబ్బంది. సిలబస్ పూర్తిచేయాలి, టెస్టులు పెట్టాలి. అందుకే నేను కొత్త చాప్టర్ అడగట్లేదు. మూడే మార్పులు. మొదటిది, మొదటి క్లాసులోనే (య − 2)(య − 3) = 2 లాంటి లెక్క ఒకటి ఇచ్చి, పాత స్టెప్ ఎందుకు పనిచేయదో పిల్లల చేతే చెప్పించాలి. రెండోది, ప్రతి పది లెక్కల్లో రెండైనా పూర్ణసంఖ్యలతో విడిపోనివి కలపాలి, "విడిపోదు" అనేది కూడా మార్కులున్న జవాబే కావాలి. మూడోది, లెక్కలు పిల్లల్నే తయారుచేయమనాలి. రెండు శూన్యాలు అనుకుని, బ్రాకెట్లు గుణించి, పక్కవాళ్ళకి ఇవ్వడం. ఒక్కసారి వెనకనుంచి ముందుకి నడిస్తే, ముందునుంచి వెనక్కి నడవడం మంత్రంలా అనిపించదు.

చివరగా భాష గురించి, ఇది తెలుగు క్లబ్ కాబట్టి. నా హాస్టల్ రూమ్మేట్ టెన్త్ దాకా తెలుగు మీడియం. ఫ్యాక్టర్‌ని తను "కారణాంకం" అంటుంది. మొదట్లో బరువుగా అనిపించింది. ఒకరోజు విడదీసి చూశాను: కారణం, అంకం. కారణమైన సంఖ్య. ఆరు ఆరు కావడానికి కారణం రెండూ మూడూ. బహుపది సున్నా కావడానికి కారణం దాని బ్రాకెట్లలో ఒకటి సున్నా కావడం. నేను పన్నెండేళ్ళు వాడిన ఇంగ్లిష్ మాట నాకెప్పుడూ ఈ సంగతి చెప్పలేదు, ఎందుకంటే అది నాకు ఒక శబ్దం మాత్రమే. 11వ శతాబ్దంలో పావులూరి మల్లన మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. లెక్క చెప్పడానికి మన భాష చాలదు అనే మాట అప్పుడే చెల్లలేదు. తెలుగు మీడియం నుంచి వచ్చి మొదటి సెమిస్టర్‌లో ఇంగ్లిష్ పదాలకి బిక్కమొహం వేసే మన క్లాస్‌మేట్స్ చేతిలో ఇలాంటి మాటలు చాలా ఉన్నాయి. అడిగితే చెప్తారు.

మనలో చాలామంది సెలవులకి ఇంటికెళ్తే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ లెక్కలు చెప్తాం. ట్యూషన్లు చెప్పి పాకెట్ మనీ సంపాదించేవాళ్ళూ ఉన్నారు. ఈసారి ఈ చాప్టర్ వచ్చినప్పుడు "ఏ రెండు సంఖ్యలు?" అని అడిగే ముందు "సున్నాయే ఎందుకు?" అని అడగండి. ఎవరైనా పెన్ను పట్టుకుని ఆగిపోతే, "ఇంకోసారి ట్రై చెయ్" అనకుండా సగం ఎంతో కనుక్కోమనండి. ఆ తర్వాత అది విడిపోతుందో లేదో వాళ్ళే మీకు చెప్తారు.